బొగ్గు ఆగిన చోట

మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా ప్రాణహిత ఒడ్డుకు పోయే తొవ్వ పొడవైనదేమీ కాదు. పొద్దున బయల్దేరితే అన్నం వేళకు అర్జునగుట్ట దగ్గర నదిలో కాళ్లు కడుక్కోవచ్చు. అంతలోనే మనం దాటి వచ్చేది సుమారు పది కోట్ల సంవత్సరాల కాలం. శ్రీరాంపూర్ గనుల దగ్గర నేల కింద ఉన్నది పర్మియన్ యుగపు బొగ్గు. భీమారం, చెన్నూరు దిక్కు వచ్చేసరికి ట్రయాసిక్ యుగపు ఇసుకరాయి, ఎర్రమట్టి. ప్రాణహిత దగ్గర పడేకొద్దీ జురాసిక్ రాళ్లు. పొరలన్నీ ఈశాన్యానికి వాలి ఉన్నందువల్ల ఇలా జరిగింది. అడుగున ఉండాల్సిన పాత పొర నైరుతి దిక్కున పైకి తేలింది, దాని మీద పేరుకున్న కొత్త పొరలు ఒకదాని తర్వాత ఒకటి నది వైపు బయటపడుతూ పోయాయి.

ఈ వరుసలో అందరూ గమనించాల్సిన సంగతి ఒకటుంది. బొగ్గు ఒక మట్టం వరకే ఉంటుంది. ఆ మట్టం దాటాక, ఎర్రమట్టిలో ఎంత వెతికినా గనికి పనికొచ్చే బొగ్గు దొరకదు. సింగరేణి తవ్వే బొగ్గు అంతా పర్మియన్ కాలానిదే. మన దగ్గరే కాదు, పర్మియన్ ముగిసిన తర్వాత దాదాపు కోటి సంవత్సరాల పాటు భూమి మీద ఎక్కడా చెప్పుకోదగ్గ బొగ్గు పొర ఏర్పడలేదు. బొగ్గు ఎందుకు ఆగిందో చెప్పాలంటే, భూమి చరిత్రలో అన్నిటికంటే ఘోరమైన చావు కథ చెప్పాలి. ఆ కథకు సాక్ష్యాలు మా ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కాళ్ల కిందే ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదువుకున్న శాస్త్రవేత్తను కాను. బొగ్గు వెతికే డ్రిల్లింగ్ రిగ్గు మీద బతుకంతా పనిచేసి రిటైరైన మనిషిని. గోదావరిఖని, మంథని, కాటారం, చెన్నూరు, బెల్లంపల్లి, గోలేటి. బొగ్గు ఉండొచ్చని జియాలజిస్టు సార్లు గీత గీసిన ప్రతి అడవిలో గుడారం వేసుకున్నాం. మా పని ఇది: ఇనుప రాడ్లు ఒకదానికొకటి బిగిస్తూ భూమిలోకి దించడం, కింద వజ్రపు బిట్టు కోసుకొచ్చిన రాతిని కోర్ బ్యారెల్ లోంచి పగలకుండా తీయడం, నీళ్లతో కడిగి, లోతు రాసి, పెట్టెల్లో వరుసగా పేర్చడం. తర్వాత జియాలజిస్టు సారు వచ్చి, కూర్చుని, ఒక్కో అడుగూ చూస్తూ రాసుకుంటాడు. పైనుంచి కిందికి పోతున్నామంటే కాలంలో వెనక్కి పోతున్నామన్నమాట. ముందు ఎర్రటి బంక, తర్వాత ముతక ఇసుకరాయి, తర్వాత బూడిద రంగు షేల్, ఆ తర్వాత నల్లగా మెరిసే బొగ్గు. ఆ రంగులు మారే చోటు నా చేతుల మీదుగా పోయినప్పుడల్లా ఇక్కడేం జరిగిందని ఆలోచన వచ్చేది.

మా బాపు మందమర్రిలో ఫిల్లరు. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపే పని. నేను బడికి పోయే రోజుల్లో ఒకసారి టిఫిన్ డబ్బాతో పాటు ఒక పలక రాయి తెచ్చాడు. "గిది సూడు బిడ్డా, రాయిల ఆకున్నది" అన్నాడు. బూడిద రంగు రాతి మీద నల్లటి ఆకు. పొడవుగా నాలుక ఆకారం, నడుమ ఒక ఈనె, దాని నుంచి రెండు పక్కలా వల అల్లినట్టు సన్నటి ఈనెలు. మా అవ్వ దాన్ని దేవుని గూట్లో పెట్టింది. గని పైకప్పు షేల్‌లో అలాంటి ఆకులు కార్మికులకు తరచూ కనిపించేవి. పేరు మాత్రం మాకెవరికీ తెలియదు. రిగ్గు మీద చేరాక ఒక సారు చెప్పాడు, దాని పేరు గ్లాసాప్టెరిస్. 1828లోనే అడాల్ఫ్ బ్రాన్యార్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు.

ఈ ఆకు మన గనుల్లో ఉన్నట్టే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా ఉంది. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912లో మంచులో ప్రాణాలు వదిలిన కెప్టెన్ స్కాట్ బృందం గుడారం దగ్గర సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి. ఒంట్లో సత్తువ లేకున్నా వాళ్లు ఆ రాళ్లను పారేయలేదు. వాటిలో గ్లాసాప్టెరిస్ ముద్రలున్నాయి. మందమర్రి గనిలో మా బాపుకు దొరికిన ఆకు జాతే అంటార్కిటికా మంచు కింద కూడా ఉందంటే, ఒకప్పుడు ఈ నేలలన్నీ ఒకటే నేల. ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు. మధ్య భారతంలో గోండుల దేశాన్ని బట్టి 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్తలు మొదట ఇక్కడి రాళ్లకు ఆ పేరు పెట్టారు. తర్వాత ఎడ్వర్డ్ సూయెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దాన్ని మొత్తం ఖండానికి వాడాడు. జోడేఘాట్, కెరమెరి, కేస్లాపూర్ ఉన్న ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పిల్లలు పాఠ్యపుస్తకంలో గోండ్వానా అని చదివినప్పుడు అది తమ ఇంటి పేరని ఎవరైనా చెప్పాలి.

పర్మియన్ యుగం సుమారు 29 కోట్ల 90 లక్షల ఏళ్ల కింద మొదలైంది. అప్పుడు మన నేల ఇప్పటికంటే చాలా దక్షిణాన ఉంది. మొదట ఇక్కడ మంచు. గోదావరి లోయలో బొగ్గు పొరలన్నిటికీ అడుగున తాల్చిర్ అనే పొర తగులుతుంది. బిట్టు దాన్ని కోసుకొస్తే చిత్రంగా ఉంటుంది. సన్నటి పచ్చని బంకలో గుండ్రాళ్లు, పెంకులు, ఏ వరుసా లేకుండా ఇరుక్కుని ఉంటాయి. నీటి ప్రవాహం అలా పేర్చదు. హిమనదాలు లాక్కొచ్చి, కరిగి, వదిలేసిన సరుకు అది. మే నెలలో 45 డిగ్రీల ఎండకు రామగుండంలో రాళ్లు పగిలే చోట ఒకప్పుడు హిమనదాలు పారాయంటే మా జట్టులో కొత్తగా చేరిన పిల్లలు నమ్మేవాళ్లు కాదు. పెట్టె తెరిచి చూపించేవాణ్ణి.

మంచు కరిగాక చల్లటి, తడి వాతావరణం మిగిలింది. మెలికలు తిరిగే నదులు, వాటి పక్కన మైళ్ల కొద్దీ చిత్తడి. ఆ చిత్తడిలో గ్లాసాప్టెరిస్ అడవి లేచింది. కొన్ని చెట్లు 30 మీటర్ల దాకా పెరిగేవి. ఆకు రాల్చే చెట్లవి. రాతిగా మారిన వాటి కాండాల్లో ఏటేటా పడిన వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. వేళ్లకు ప్రత్యేకంగా వెర్టిబ్రేరియా అని పేరు. వాటి లోపల గాలి గదులున్నాయి. నీళ్లు నిలిచిన నేలలో ఊపిరాడడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. ప్రతి శరదృతువులో రాలిన ఆకు నీటిలో పడేది. కుళ్లబెట్టే గాలి అక్కడికి చేరదు, కాబట్టి ఆకు మీద ఆకు, కొమ్మ మీద కొమ్మ పేరుకుంటూ పోయాయి. నేల మెల్లగా కుంగుతూ ఉండడంతో దాని మీద ఇసుక, బురద పడ్డాయి. ఎన్నో మీటర్ల మందపు చెత్త ఒత్తిడికి, వేడికి అణిగి ఒక మీటరు బొగ్గుగా మిగులుతుంది. నది దారి మార్చుకున్నప్పుడల్లా పాత చిత్తడి పూడిపోయి కొత్తది పుట్టేది. గోదావరిఖనిలో ఒకటో సీమ్, రెండో సీమ్, మూడు, నాలుగు అని మనవాళ్లు లెక్కపెట్టే ప్రతి సీమూ అలా మునిగిన ఒక అడవి.

ఈ బొగ్గును 1871లో ఇల్లెందు దగ్గర గుర్తించినది భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఆ తర్వాతి కథ మన ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలిసిందే.

తెలియనిది ఆ అడవుల దగ్గర తిరిగిన జంతువుల సంగతి. 1957లో పి.సి. మహలనోబిస్, కలకత్తాలోని భారత గణాంక సంస్థకు పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను లండన్ నుంచి పిలిపించాడు. లెక్కల సంస్థకు ఎముకలతో పనేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. మహలనోబిస్ ఆలోచన వేరు. ప్రకృతిని కొలిచి చదివే ఏ శాస్త్రమైనా తన సంస్థలో ఉండాలని ఆయన కోరిక. రాబిన్సన్ ప్రాణహిత, గోదావరి లోయను ఎంచుకుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు, టి.ఎస్. కుట్టి, తపన్ రాయ్ చౌధురి, సోహన్ లాల్ జైన్, శంకర్ చటర్జీ, మా అడవుల్లో నడిచి నడిచి ప్రపంచం నివ్వెరపోయే జంతువులను వెలికి తీశారు. వాళ్లతో పాటు తిరిగిన ధుయ్యా ప్రధాన్ అనే ఎముకల వేటగాడి పేరు తర్వాత ఒక డైనోసార్‌కు పెట్టారు, ప్రధానియా అని. కూలి పనిలా కనిపించే పనికి శాస్త్రం ఇచ్చిన ఆ గౌరవం నాకెంతో ఇష్టం.

1972లో కుట్టి 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. భారతదేశంలో పర్మియన్ కాలపు సరీసృపాల సమూహం దొరికిందని. ఆ పొరకు మంచిర్యాల జిల్లాలోని కుందారం ఊరి పేరే పెట్టారు. అందులో ఎండోథియోడాన్ ఉంది. పక్షి ముక్కులాంటి మూతి, దవడ లోపలి వైపు పళ్లు ఉన్న శాకాహారి. ఇక్కడ దొరికిన ఒక జాతికి 2000లో మహలనోబిస్ పేరు పెట్టారు. మట్టి తవ్వుకుంటూ బతికే సిస్టెసెఫాలస్ ఉంది. వీటిని వేటాడే గోర్గోనాప్సియన్ ఉంది, కత్తుల్లాంటి కోరలున్న జంతువు. ఈ కుటుంబాలు ఆఫ్రికాలో కూడా ఉన్నాయి. మధ్యలో సముద్రం లేదు కనుక నడిచే వచ్చి ఉంటాయి. పాలిచ్చే జంతువుల వంశానికి, అంటే మన వంశానికి, డైనోసార్ల కంటే ఇవే దగ్గరి చుట్టాలు. అప్పటి నేలను ఏలినవి ఇవే.

ఆ తర్వాత ఏమైందో ఒక సాయంత్రం చెన్నూరు అడవిలో రిగ్గు ఆపాక సారును అడిగాను. "సార్, పైన ఎర్రగున్నది, కింద బూడిదగున్నది. నడుమ గీత గీసినట్టు ఎట్ల మారింది?" అని. ఆయన కోర్ పెట్టె పక్కన నేల మీద కూర్చుని, "మీ అడవి చచ్చిపోయిందయ్యా" అన్నాడు. "చెట్టు లేకపోతే మట్టిని పట్టి ఉంచేదెవరు? చిత్తడి పోయింది, ఎండ మిగిలింది, ఇనుము తుప్పు పట్టింది. ఆ తుప్పే ఈ ఎరుపు." తుప్పు ఒకనాటి పని కాదనీ, నదులు దారి మార్చడం, నేల మెల్లగా ఉత్తరానికి జరిగి వాతావరణం వేడెక్కడం కూడా అందులో ఉన్నాయనీ తర్వాత వివరంగా చెప్పాడు. కానీ మూలం మాత్రం ఆ చావే.

అది సైబీరియాలో మొదలైంది. 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కింద అక్కడ భూమి పగుళ్ల నుంచి లావా పొంగింది. శంఖువు ఆకారపు అగ్నిపర్వతం కాదు, నేల నెర్రెలిచ్చి పారే లావా. ఇది ఎట్లా ఉంటుందో ఆదిలాబాద్ వాళ్లకు సులభంగా అర్థమవుతుంది. ఉట్నూరు, జైనూరు, ఆదిలాబాద్ పట్టణం చుట్టూ ఉన్న నల్లరాయి, దాని మీద పత్తి పండే నల్లరేగడి అలాంటి లావా నుంచి వచ్చినవే. అది 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి దక్కన్ లావా, వేరే కథ. నేటికి మిగిలిన దక్కన్ లావా విస్తీర్ణం సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లయితే, సైబీరియాలో మిగిలినది సుమారు 20 లక్షలు. అంత లావా పొంగితే చుట్టుపక్కల బతుకు పోతుంది గాని ప్రపంచమంతా ఎందుకు పోవాలి?

ఇక్కడే బొగ్గు మళ్లీ వస్తుంది. సైబీరియాలో ఆ శిలాద్రవం పైకి వచ్చిన దారిలో పెద్ద బొగ్గు పొరలు, ఉప్పు పొరలు ఉన్నాయి. కరిగిన రాయి వాటిలోకి దూరి వాటిని కాల్చింది. లిండీ ఎల్కిన్స్-టాన్టన్ బృందం అక్కడి అగ్నిపర్వత రాళ్లలో కాలిన బొగ్గు, కాలిన కట్టె ముక్కలు పట్టుకుని 2020లో ప్రచురించింది. అంతకు ముందే, 2011లో, కెనడా ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఆ కాలపు సముద్రపు బురదరాయిలో స్టీఫెన్ గ్రాస్బీ బృందానికి సన్నటి కర్బన రేణువులు కనిపించాయి. సూక్ష్మదర్శినిలో అవి నేటి థర్మల్ విద్యుత్ కేంద్రం ఫ్లై యాష్‌ను పోలి ఉన్నాయి. రామగుండం ఎన్టీపీసీ బూడిద చెరువుల పక్కన ఉండే వాళ్లకు ఫ్లై యాష్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఎండాకాలం గాలికి ఇంట్లోకి వచ్చేది, దండెం మీది బట్టల మీద పడేది. మనిషి పుట్టకముందే, 25 కోట్ల ఏళ్ల కింద, భూమి తనంతట తాను బొగ్గు కాల్చుకుని అదే బూడిదను సముద్రం మీద చల్లింది.

కాలిన బొగ్గు నుంచి బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసింది. భూమి వేడెక్కింది. సముద్రం ఆ వాయువును పీల్చుకుని పులిసింది, వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గింది. చైనాలో మైషాన్ అనే చోట సున్నపురాతి పొరల మధ్య ఉన్న అగ్నిపర్వత బూడిదను కొలిచి ఈ వినాశనం సుమారు 60 వేల ఏళ్లలో ముగిసిందని 2014లో తేల్చారు. భూమి వయసు లెక్కలో అది రెప్పపాటు. సముద్రంలోని జాతుల్లో పదింటికి ఎనిమిది, తొమ్మిది పోయాయి. అంతకు ముందే క్షీణిస్తూ వచ్చిన ట్రైలోబైట్లు అనే సముద్ర జీవుల చివరి తీగ తెగింది. నేల మీద వెన్నెముక ఉన్న జంతువుల్లో ఎక్కువ భాగం పోయాయి. కీటకాల చరిత్రలోకెల్లా పెద్ద దెబ్బ ఇదే. గోర్గోనాప్సియన్ల ఏలుబడి ముగిసింది. ఆ తర్వాత లక్షల ఏళ్ల దాకా భూమి కోలుకోలేదు. భూమధ్యరేఖ వైపు సముద్రపు పైనీరు 40 డిగ్రీల దాకా వేడెక్కిందని దక్షిణ చైనా శిలాజాలు చెబుతున్నాయి. అంత వేడి నీటిలో చేప బతకదు.

గ్లాసాప్టెరిస్ అడవి అప్పుడే పోయింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గరి పొరలను చదివినవాళ్లు, సముద్రం చావడానికి కొన్ని లక్షల ఏళ్ల ముందే అడవి కూలిందని లెక్కగట్టారు. ముందు చెట్టు పోయింది, తర్వాత మిగతావి పోయాయి. నా మట్టుకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బరువైన మాట ఇది. జంతువుల ఎముకలకే పేరు, బొమ్మలు, సినిమాలు అన్నీ. కానీ నేలను నిలబెట్టినది ఆ ఆకు. దాని వేరు పోగానే చిత్తడి పోయింది. చిత్తడిలో నిలిచి బొగ్గుగా మారగల మొక్కలు మళ్లీ తయారు కావడానికి దాదాపు కోటి ఏళ్లు పట్టింది. శాస్త్రవేత్తలు దాన్ని బొగ్గు విరామం అంటారు. భారతదేశంలోనైతే పర్మియన్ బొగ్గుకు సాటి వచ్చే బొగ్గు మళ్లీ పుట్టలేదు. అస్సాం, మేఘాలయ బొగ్గు చాలా తర్వాతి కాలానిది, కొద్దిది. దేశపు బొగ్గు నిల్వల్లో దాదాపు అంతా గోండ్వానా బొగ్గే.

బతికి బయటపడినవి కొన్ని ఉన్నాయి. లిస్ట్రోసారస్ అనే కోరల జంతువు వాటిలో పేరున్నది. బెంగాల్‌లో రాణిగంజ్ బొగ్గు మీద ఉండే పంచెట్ పొరల్లో దాని ఎముకలు దొరికాయి. మా దిక్కు కోలుకున్న ప్రపంచం కనిపించేది ఎర్రపల్లి పొరల్లో, సుమారు 24 కోట్ల ఏళ్ల నాటి ఎర్రమట్టిలో. ఇక్కడ భూగర్భ శాస్త్రవేత్త డి.ఎన్. వాడియా పేరు పెట్టుకున్న వాడియాసారస్ దొరికింది. రెండు కోరలు, కొమ్ములాంటి మూతి ఉన్న పెద్ద శాకాహారి. చాలా జంతువుల ఎముకలు ఒకే చోట కలిసి దొరికాయి. ఒక గుంపు కలిసి చచ్చిపోయిందన్నమాట. తాండూరు మండలంలోని రేచ్ని పేరుతో రేచ్నిసారస్ ఉంది. కాగజ్‌నగర్ రైలు ఎక్కినప్పుడు రేచ్ని రోడ్ స్టేషన్ బోర్డు చూసే వాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసు? వీటిని వేటాడిన పెద్ద తల మాంసాహారికి 2021లో పేరు పెడుతూ శాస్త్రవేత్తలు మన తెలుగు మాటలే తీసుకున్నారు, భారీతలసూకస్ అని.

ఇంకా పైకి వస్తే ఆసిఫాబాద్ దిక్కు మాలేరి పొరలు. ఈ పొరల నుంచి 1850లలోనే నాగపూర్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఎముకలు ఏరాడు. అతని పేరే మొసలిలాంటి పారాసూకస్ హిస్లాపికి ఉంది. శంకర్ చటర్జీకి దొరికిన పారాసూకస్ అస్థిపంజరాల్లో కడుపు ఉండే చోట చిన్న సరీసృపాల ఎముకలు కనిపించాయి. దాని చివరి భోజనం అది. తినబడిన జంతువుకు మాలేరిసారస్ రాబిన్సనే అని పేరు పెట్టి గురువు రుణం తీర్చుకున్నాడు. 22, 23 కోట్ల ఏళ్ల కింద ఒక మధ్యాహ్నం మా జిల్లాలో ఒక జంతువు ఏం తిన్నదో మనకు తెలుసు! ఈ పొరల్లోనే తొలి డైనోసార్లు తలెత్తాయి. ఆల్వాకేరియా, నంబాల ఊరి పేరున్న నంబాలియా, జక్లపల్లి పేరున్న జక్లపల్లిసారస్. 2025లో ఇంకొకటి వెలుగులోకి వచ్చింది, మాలేరిరాప్టర్ కుట్టీ. 1972లో కుందారం జంతువుల గురించి రాసిన ఆ కుట్టి పేరే.

ట్రయాసిక్ ముగిసినప్పుడు, 20 కోట్ల ఏళ్ల కింద, మళ్లీ లావా, మళ్లీ వినాశనం. పారాసూకస్ వంశం పోయింది, డైనోసార్లు మిగిలాయి. సిరోంచ దిక్కు పోచంపల్లి దగ్గర దొరికిన సుమారు 300 ఎముకలతో నిలబెట్టిన బారాపాసారస్ టాగోరీ కోల్‌కతాలోని గణాంక సంస్థలో ఉంది. యామనపల్లి దగ్గర పి. యాదగిరి వెలికితీసిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. వీటి గురించి చాలామంది రాశారు, నేను ఇంకా పొడిగించను.

నేను చెప్పదలచుకున్నది ఆ బొగ్గు గురించే. సింగరేణి ఏటా సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది. మా బాపు తట్టతో ఎత్తిన బొగ్గు మా ఇంట్లో అన్నమైంది, నా పిల్లల చదువైంది. మా ప్రాంతంలో ఎవరూ ఆ రుణం కాదనలేరు, నేనూ అనను. కానీ గాలిలో బొగ్గుపులుసు వాయువు యంత్రాల యుగానికి ముందు పది లక్షల భాగాల్లో సుమారు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. సైబీరియా మొత్తం మీద వదిలిన వాయువు మనం వదిలినదానికంటే చాలా ఎక్కువే. అయితే ఏడాదికి ఎంత అని లెక్క వేస్తే మన వేగమే ఎక్కువని ఆ పొరలు చదివిన శాస్త్రవేత్తల అంచనా. బొగ్గు కాలినప్పుడు భూమికి ఏమవుతుందో మన కాళ్ల కింది రాళ్లు ఒకసారి రాసిపెట్టాయి. అది చదవకుండా తవ్వడం తప్పు. తవ్విన గుంత పూడ్చాక చెట్లు పెట్టే పనిని అధికారులు ఫోటోల కోసం కాకుండా, వేరు నిలిచే దాకా చేయాలి. సూర్యుడి కరెంటు పనిలో గని కార్మికుల పిల్లలకు మొదటి చోటు దొరకాలి.

ఇంకో పని మన చేతుల్లోనే ఉంది. తాండూరు, రెబ్బెన, నెన్నెల, భీమారం, కోటపల్లి మండలాల రైతులకు దుక్కిలో అప్పుడప్పుడు బరువైన, ఎరుపు తిరిగిన, ఎముక ఆకారపు రాళ్లు తగులుతాయి. మా మేనమామ వాటిని రాక్కసి బొక్కలు అనేవాడు, గట్టు మీదికి విసిరేవాడు. దయచేసి పగలగొట్టకండి, కదిలించకండి. దొరికిన చోటు గుర్తు పెట్టుకుని, ఫోటో తీసి, హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికి గాని, దగ్గరి కాలేజీ భూగర్భశాస్త్ర అధ్యాపకులకు గాని తెలపండి. ఎముక ఎంత విలువైనదో, అది ఏ పొరలో, ఏ చోట ఉన్నదన్న సంగతీ అంతే విలువైనది. నది అవతల సిరోంచ దగ్గర వడధామ్‌లో మహారాష్ట్ర వాళ్లు శిలాజ పార్కు పెట్టుకున్నారు. మంచిర్యాలలోనో ఆసిఫాబాద్‌లోనో ప్రభుత్వం ఒక మ్యూజియం కట్టాలి. అందులో డైనోసార్ ఎముక కంటే ముందు గ్లాసాప్టెరిస్ ఆకు పెట్టాలి, దాని పక్కన ఆ ఆకు తెచ్చిన గని కార్మికుల ఊరి పేర్లు రాయాలి.